వెనక్కి తిరిగిన ముఖం

కోమలి తండ్రి సింహాద్రి కవిత్వం చదివే మనిషి కాడు. ఉప్పాడలో పుట్టి, ఉప్పాడలోనే జాందానీ చీరలు నేస్తూ అరవైకి దగ్గరపడ్డాడు. పేపరు తెరిస్తే సముద్రం ఈసారి ఎన్ని ఇళ్లు మింగిందో చూసుకుని, మడిచి పక్కన పెట్టేసేవాడు. అలాంటివాడు ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురి ఫోను చేతిలో పట్టుకుని, రెప్ప వేయడం కూడా మరిచిపోయినట్టు కూర్చుండిపోయాడు.

ఫోనులో ఉన్నది చిన్న కవిత.

ఎండ వాలే వేళ
వాకిట్లో తల ఆరబెట్టుకునేది అమ్మ
నల్లని చెంపల మీద నీటి చార
జుట్టు విదిలిస్తే
గోడంతా చినుకులు

ఆయన చూపు ఎక్కడ ఆగితే అక్కడి అక్షరం కదులుతోంది. 'జుట్టు' అన్న మాట మీద చూపు నిలవగానే ఆ అక్షరాలు దారపు ఉండ విప్పినట్టు విడిపోయి, నల్లటి పోగులై తెర అడుగుదాకా జారాయి. 'చినుకులు' చెదిరి గోడ మీద తడి మచ్చలయ్యాయి. ఆ పోగుల వెనక ఒక స్త్రీ వీపు కనిపించింది. ఆమె మెల్లగా తల తిప్పింది.

ముఖం మాత్రం ఎవరూ ముందుగా గీసిపెట్టింది కాదు. ఫోను పైన ఉన్న కెమెరా సింహాద్రి కళ్లను గమనిస్తోంది. ముక్కు కాస్త పొడుగ్గా గీసి చూసింది. కంటిపాప విచ్చుకుంటే ఆ గీతను ఉంచింది, చూపు జారిపోతే చెరిపి మరోలా గీసింది. అలా దిద్దుకుంటూ పోగా ఒక ముఖం నిలబడింది.

సింహాద్రి ఫోను ఇంకాస్త దగ్గరగా తెచ్చుకున్నాడు.

"మీ అమ్మేనే," అన్నాడు. "ఇంచుమించు మీ అమ్మే. గడ్డం దగ్గర ఎక్కడో తేడా కొడతంది గానీ."

కోమలి గబగబా వచ్చి ఆయన భుజం మీంచి చూసింది. అప్పటికే ఆయన కన్నీళ్లు తుడుచుకోవడానికి చూపు తిప్పేశాడు. చూసేవాళ్ల కళ్లు తప్పుకోగానే చెరిగిపోయేలా ఆ కవితను చూపించే యాప్‌ని రాసింది కోమలే. ఆమెకు ఖాళీ గోడ కనిపించింది.

తల్లి వరహాలు చనిపోయేనాటికి కోమలికి మాటలు కూడా సరిగా రావు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో, ఎవరిదో పెళ్లిలో తీసింది. కెమెరా వెలుగుకి ఉలిక్కిపడి వరహాలు చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరచెయ్యి, నాలుగు గాజులు, చెవి జూకా. అంతే. జాందానీని మామూలుగా మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పెళ్లయిన దగ్గర్నుంచి పోయేదాకా సింహాద్రి పక్కన కూర్చున్నది వరహాలే. ఆ ముఖం చూడాలంటే ఆయన తలలోంచి చూడాలి తప్ప కోమలికి మరో దారి లేదు. ఈ యాప్ ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడిగితే ఆమె భాష గురించీ, చదవడం మరిచిపోతున్న పిల్లల గురించీ చెప్పేది. అసలు కారణం ఇది.

* * *

కాకినాడలో పళ్ల డాక్టరు గారి ఆస్పత్రి పై అంతస్తులో కోమలి వాళ్ల ఆఫీసు. పనిచేసేది ముగ్గురు. అక్షరాలను కదిలించే పని కోమలిది. ఫణీంద్ర ఆమెతో ఇంజనీరింగు చదివి, తర్వాత కళ్లూ మెదడూ ఎలా పనిచేస్తాయో చదువుకుని వచ్చినవాడు, కెమెరా చూసినదాన్ని అర్థం చేసుకునే భాగం అతనిది. కవితలు ప్రసూన గారివి. తెలుగు టీచరుగా రిటైరయ్యారు. ఖాళీగా ఉండలేక వీళ్లతో కలిశారు. యాప్‌కి 'కదలిక' అని పేరు పెట్టింది ఆవిడే.

మొదట్లో కదలికను ఎవరూ పట్టించుకోలేదు. వాన మీద కవితలో అక్షరాలు జారేవి, రైలు మీద కవితలో పరిగెత్తేవి. పిల్లలు రెండుసార్లు చూసి వదిలేసేవారు. అమ్మ కవిత పెట్టాక పరిస్థితి మారింది. ఒక కొడుకు చదివి తన అన్నకు పంపాడు, అన్న మేనమామకు పంపాడు. ఊళ్లు దాటి వెళ్లిపోయింది. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి, మాట్లాడలేక, ఏడ్చి పెట్టేసేవారు.

"ముఖం రావడానికి చాలాసేపు పడుతోంది," అన్నాడు ఫణీంద్ర ఒక పొద్దున్న. "సగంలో విసుగొచ్చి మూసేస్తున్నారు. ప్రతివాళ్లకీ సున్నా నుంచి మొదలుపెట్టడం దేనికి? ఎక్కువమందికి నచ్చిన ముఖం నుంచి మొదలుపెట్టి, అక్కడ్నుంచి దిద్దుకుంటూ పోదాం."

కోమలికి అందులో తప్పేమీ కనిపించలేదు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపే ఆ మార్పు చేసేసింది. అప్పట్నుంచి స్త్రీ తల తిప్పగానే ముఖం వచ్చేసేది. సగంలో మూసేవాళ్లు లేకపోయారు.

ఇంట్లో సింహాద్రి మగ్గం దిగగానే ఫోను అడిగేవాడు. కొన్నాళ్లకి ఆయనకో ఫోను కొనిచ్చింది. చదివిన ప్రతిసారీ కోమలి ఆశగా అడిగేది.

"ఇప్పుడెలా ఉంది నాన్నా? గడ్డం?"

"గడ్డం కుదిరింది. ముక్కు కూడా."

మరి కొన్నాళ్లకు, "ఇప్పుడు అచ్చం మీ అమ్మే. వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు.

ఆ సాయంత్రం కోమలి ఆయన పక్కనే కూర్చుని, ఆయన చూపు తెర మీద ఉండగానే తొంగి చూసింది. గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, నవ్వబోయి ఆగిన పెదవులు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లిని చూసింది. ఎన్నాళ్లనుంచో ఎరిగున్న ముఖంలా అనిపించింది. రక్తసంబంధం అంటే ఇదేనేమో అనుకుని, తండ్రి భుజానికి తల ఆనించి ఏడ్చింది.

* * *

పిఠాపురం నుంచి సింహాద్రి అక్క నరసమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఏడాదికోసారి కూడా కదలని మనిషి. తమ్ముడు ఫోనులో మాట్లాడినప్పుడల్లా చనిపోయిన భార్య గురించే చెబుతున్నాడని ఏదో తోచి బయల్దేరింది. ఆమెకు చదువు రాదు, ఫోనంటే మాట్లాడుకోవడానికే.

భోజనాల దగ్గర సింహాద్రి వరహాలు గురించి ఎత్తాడు. గుండ్రటి ముఖమనీ, పెద్ద కళ్లనీ, కుడి కనుబొమ్మ చివర చిన్న గాటు ఉండేదనీ చెప్పుకుపోయాడు.

నరసమ్మ ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

"ఎవరి గురించిరా నువ్వు చెప్పేది?"

"ఎవరి గురించేంటక్కా. వరహాలు గురించే."

"వరహాలుది కోలమొహం రా. చెంపల మీద ఆటలమ్మ మచ్చలు. పైన పన్ను మీద పన్ను వచ్చి నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. పెళ్లిచూపులకి నేనేగా వెళ్లింది. నచ్చలేదని అమ్మ అంటే, నువ్వేగా ఆ పన్నే బావుందని పట్టుబట్టావు."

సింహాద్రి నవ్వాడు. "నీకు వయసు మీద పడిందక్కా. ఎవర్నో అనుకుని చెబుతున్నావు. మచ్చలేంటి, అద్దంలా ఉండేది మొహం."

"నాకా మతిపోయింది?"

"పాతికేళ్లు పైన అయింది కదా. కలగాపులగం అవుతాయి."

నరసమ్మ గబగబా తినేసి లేచింది. చెయ్యి కడుక్కున్నాక పెరట్లోకి వచ్చి కోమలి మణికట్టు పట్టుకుంది.

"వాడికేమైనా మందు పెట్టారేంటే? పెళ్లాం పన్ను మర్చిపోయే రకం కాదు వాడు."

కోమలి ఏదో సర్దిచెప్పి అత్తను మంచం మీద పడుకోబెట్టింది. అత్తకే మరపు వచ్చిందని తనను తాను నమ్మించుకోవాలని చూసింది. ఫోటోలో చెయ్యి అడ్డం పెట్టుకుంది కెమెరా వెలుగుకి కాదేమో, నవ్వుకేమో అన్న ఆలోచన మాత్రం ఆమెను వదల్లేదు.

* * *

ఆ తర్వాతి వారం కాకినాడ మెయిన్ రోడ్డులో మందుల షాపు దగ్గర నిలబడి ఉండగా ఒకాయన ఆమెనే చూస్తూ ఆగిపోయాడు. యాభై దాటిన మనిషి, భుజాన సంచీ, నుదుట విభూది. దగ్గరికొచ్చాడు.

"ఏమీ అనుకోకమ్మా. నా పేరు సోమయాజులు, సామర్లకోటలో ఉంటాను. మీది ఏ ఊరు? మా వాళ్లేమైనా అవుతారా?"

"ఉప్పాడ అండి. మేం దేవాంగులం. ఎందుకండీ?"

"మా అమ్మ అచ్చం ఇలాగే ఉండేది." ఆయన వేలు గాలిలో ఆమె ముఖం దాకా వచ్చి ఆగింది. "ఈ కళ్లు. ఈ గడ్డం. ఇదిగో, కనుబొమ్మ మీద ఈ గాటు కూడా. మా అమ్మకి కుడివైపు ఉండేది. మీకు ఎడమవైపు ఉంది. అంతే తేడా."

కోమలి మందులు తీసుకోవడం మర్చిపోయింది. చిన్నప్పుడు మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో పడి కనుబొమ్మ చిట్లిన గాటు అది. అప్పటికి తల్లి పోయి చాలా కాలమైంది.

ఆఫీసుకు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఎక్కువమందికి నచ్చిన ముఖాన్ని పెద్ద తెర మీదకు తెచ్చింది. గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, నవ్వబోయి ఆగిన పెదవులు. చేతులు కడుక్కునే చోట వేలాడే అద్దాన్ని ఊడదీసి తెచ్చి తెర పక్కన పెట్టుకుని చూసింది. అద్దంలో కనిపించే మనిషికి గాటు కుడి కనుబొమ్మ మీద ఉంది. తెర మీద ముఖానికీ కుడి కనుబొమ్మ మీదే. కాస్త వయసు పెంచి, చీర కట్టి, జుట్టు తడిపిన తన ముఖం అది.

"కెమెరాని సరిచేయడానికి నెలల తరబడి దాని ముందు కూర్చున్నది నువ్వే కదా," అన్నాడు ఫణీంద్ర నెమ్మదిగా. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. "ముఖం అంటే ఏంటో అది నేర్చుకున్నది నిన్ను చూసే. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా."

"నీకు తెలుసా ఇది?"

"పోలికలు ఉన్నాయని గమనించాను. పర్వాలేదనుకున్నాను."

"మా నాన్న మొదటిసారి చదివినప్పుడు తేడా ఉందన్నాడు ఫణీ. రానురాను తేడా లేదన్నాడు. మనం బాగా గీస్తున్నామనుకున్నాను."

ఫణీంద్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏదైనా గుర్తు చేసుకున్నప్పుడల్లా ఆ జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది. మళ్లీ గట్టిపడేలోపు కళ్ల ముందు ఏముంటే అది కూడా అందులో కలిసిపోతుంది. మామూలుగా ఐతే కొంచెమే. మనం ఏం చేశామంటే, మనసు బాగా కరిగే క్షణం కోసం కాచుకుని, సరిగ్గా అప్పుడు బొమ్మ చూపించాం. అదీ రోజూ."

కోమలికి తండ్రి నూలుకు గంజి పట్టించడం కళ్లకు కట్టింది. తడిగా ఉన్నంతసేపూ పోగు ఎటు లాగితే అటు సాగుతుంది. ఆరిందంటే ఇక ఆ సాగినట్టే ఉండిపోతుంది. యంత్రం ఆయన జ్ఞాపకానికి దగ్గర కాలేదు. ఆయన జ్ఞాపకమే పూటపూటా యంత్రానికి దగ్గరవుతూ వచ్చింది.

"వాళ్లెవరూ బాధపడటం లేదు," అన్నాడు ఫణీంద్ర. "మునుపటికంటే సంతోషంగా ఉన్నారు. ఇది కూడా ఆలోచించు."

అప్పటిదాకా కిటికీ దగ్గర కూర్చుని వింటున్న ప్రసూన గారు తల ఎత్తారు.

"కోమలీ, ఆ కవిత ఒకసారి తియ్యమ్మా. మూడో పంక్తి చదువు."

కోమలి తీసింది. 'తెల్లని చెంపల మీద నీటి చార' అని ఉంది.

"నేను మొదట నల్లని చెంపలు అని రాశాను కదూ?"

"అవును మేడం. మీరే మార్చమని పంపారు. పోయిన నెలలో."

"మా అమ్మ నల్లగా ఉండేదని అందరూ అనేవాళ్లు. నేను అలాగే రాశాను." ఆవిడ చాలా నిదానంగా, ఎవరి గురించో చెబుతున్నట్టు మాట్లాడారు. "ఆ మధ్య చదువుతుంటే అబద్ధం రాసినట్టు అనిపించింది. తలుచుకుంటే అమ్మ తెల్లగానే కనిపించింది. పొరపాటు పడ్డానని దిద్దేశాను. మా అమ్మ గురించి నేను దాచుకున్నదల్లా ఆ ఒక్క మాట. దాన్ని కూడా నా చేత్తోనే కొట్టేశాను."

కింద ఆస్పత్రిలో పన్ను అరగదీసే మిషను రొద ఆగి ఆగి వినిపిస్తోంది.

"ఆపేద్దాం," అంది కోమలి.

"ఆపితే పాతది తిరిగి రాదు," అన్నాడు ఫణీంద్ర. "ఆ సంగతి తెలిసి ఆపు."

"ఇంకా చదవనివాళ్ల జ్ఞాపకమైనా మిగులుతుంది."

అతను వాదించబోయి, ప్రసూన గారి వైపు చూసి మానేశాడు. ఆ మధ్యాహ్నమే కదలికను మూసేశారు. ఎవరి ఫోనులో తెరిచినా తెల్లటి తెర తప్ప ఏమీ రాకుండా చేసింది కోమలి.

* * *

సింహాద్రి మగ్గం మీద ఉన్నాడు. కోమలి మగ్గం గుంట అంచున కూర్చుంది.

"అందులో కవిత రావట్లేదమ్మాయ్," అన్నాడు పోగుల మధ్యకు నాడె విసురుతూ. "కాస్త చూడు."

"ఇక రాదు నాన్నా. ఆపేశాం."

మొత్తం చెప్పింది. ఎక్కడా దాచలేదు. సింహాద్రి నేస్తూనే విన్నాడు. కనుబొమ్మ గాటు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు ఆగాయి. తల తిప్పి కూతురి ముఖం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్లలో మొదట అపనమ్మకం, తర్వాత వెతుకులాట, ఆ తర్వాత భయం కోమలికి ఒకదాని వెనక ఒకటి కనిపించాయి.

"అక్కని పిలు," అన్నాడు.

నరసమ్మ ఇంకా వెళ్లలేదు. తమ్ముడి పక్కన, వరహాలు కూర్చునే చోట కూర్చుంది. సింహాద్రి కళ్లు మూసుకున్నాడు.

"చెప్పక్కా. నువ్వు చూసినట్టు చెప్పు."

"కోలమొహం రా. చామనఛాయ కంటే ఒక పిసరు నలుపు. చెంపల మీద మచ్చలు, ఎడమవైపు ఎక్కువ. పై పన్ను ఎత్తు. నవ్వితే ముందు కళ్లు చిన్నవయ్యేవి, తర్వాత చెయ్యి వచ్చి నోటికి అడ్డం పడేది."

"మళ్లీ చెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది. సింహాద్రి నుదుటి మీద చెమట పట్టింది. బరువేదో లాగుతున్నవాడిలా పళ్లు బిగించాడు. చివరికి కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు.

"రావట్లేదక్కా. మచ్చలు వస్తన్నాయి. పన్ను కూడా వస్తంది. కానీ అన్నీ మన కోమలి మొహం మీదే వస్తన్నాయి."

నరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోమలి లేచి నాన్న చెయ్యి పట్టుకోబోయింది. సింహాద్రి ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు.

"కోపం కాదమ్మా," అన్నాడు గోడ వైపు చూస్తూ. "నిన్ను చూసిన కొద్దీ మీ అమ్మ మొహం ఇంకా దూరం పోతంది. కొన్నాళ్లు నన్ను ఇలా ఉండనియ్యి. అక్క రోజూ చెబుతా ఉంటే ఎప్పటికైనా వస్తాదేమో చూద్దాం."

అప్పట్నుంచి ఆయన కూతురి వైపు చూడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఆమె పెట్టిన అన్నం తింటూ, ఆమె జ్వరం వచ్చి పడుకుంటే గుమ్మం దగ్గర నిలబడి తగ్గిందా అని అడుగుతూ, చూపు మాత్రం నేల మీదో గోడ మీదో ఉంచేవాడు. ఆమె గదిలోకి వస్తే తల వంచుకునేవాడు. నరసమ్మ పిఠాపురం వెళ్లడం మానేసి, పొద్దున్నే మగ్గం పక్కన చేరి మరదలి ముఖాన్ని మొదట్నుంచీ చెప్పుకొచ్చేది. చెప్పి చెప్పి ఆమెకే అనుమానం వచ్చేది, మచ్చలు ఎక్కువున్నది ఎడమవైపా కుడివైపా అని.

యాప్ ఆగిపోయినా దాన్ని చదివినవాళ్లు ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్లకు వాళ్లకు ముఖం పలచబడటం మొదలైంది. రోజూ తెర మీద దిద్దుకున్న బొమ్మ అది, తెర లేకపోయేసరికి నిలవలేదు. దాని కింద పాతదేమీ మిగల్లేదు. తెల్లటి తెర మీద తల తిప్పని వీపు ఒక్కటే కలలోకి వస్తోందని ఫోన్ చేసి చెప్పినవాళ్లు ఉన్నారు. ఫణీంద్ర ఆ ఫోన్లు ఎత్తడం మానేశాడు. ప్రసూన గారు మళ్లీ ఆఫీసుకు రాలేదు.

ఒక సాయంత్రం కోమలి వాకిట్లో బట్టలు తీస్తుంటే గేటు చప్పుడైంది. సోమయాజులు. వెనకాల ఆయన కంటే పెద్దామె, చేతికర్ర పట్టుకుని, ఆయాసపడుతూ నిలబడింది.

"మా అక్కయ్య, అమ్మా," అన్నాడాయన. "తనూ నాలాగే ఆ కవిత చదివేది. ఉప్పాడలో దేవాంగుల వీధి అని అడుక్కుంటూ వచ్చాం."

కోమలి చేతుల్లో బట్టలు అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఇన్నాళ్లూ మనసులో అనుకుంటున్న మాటలే బయటికి వచ్చాయి.

"నేను మీ అమ్మగారిని కానండి. నా వల్ల జరిగిన పొరపాటు అది. ఆవిడ వేరేలా ఉండేవారు. మీ చుట్టాల్లో ఎవరినైనా అడగండి, పాత ఫోటోలేమైనా ఉంటే వెతకండి."

"ఫోటో ఉందమ్మా," అంది పెద్దామె. "నిలువెత్తు ఫోటో ఉంది హాల్లో. రోజూ దండం పెడతాను. ఎవరో పెద్దావిడ అన్నట్టు ఉంటుంది గానీ, అమ్మ అనిపించదు."

"మీరు మా అమ్మ కారని తెలుసు," అన్నాడు సోమయాజులు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అదే కోమలిని ఎక్కువ భయపెట్టింది. "ఇంక మాకు గుర్తున్నది మీరొక్కరే. ఒక్కసారి చూసి వెళ్లిపోతాం."

పెద్దామె కర్ర గోడకు ఆనించి దగ్గరికొచ్చింది. కోమలి చెంప పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. ఆమె ముఖంలో ముడతలన్నీ ఒక్కసారిగా సడలాయి. కోమలి కళ్లు వాల్చుకుందామనుకుంది. వాల్చలేకపోయింది. వీధి చివర ఒక ఆటో ఆగడం, అందులోంచి నలుగురు దిగి ఇంటి నంబర్లు చూసుకుంటూ ఇటే రావడం ఆ పెద్దామె భుజం మీంచి ఆమెకు కనిపించింది.

లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"ఎవరమ్మా వచ్చింది?" అని కేకేశాడు సింహాద్రి. గుమ్మంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. తల తిప్పలేదు.